తీపిమందు గది

సంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, సబ్బుపెట్టె, స్కాన్ కాగితాలున్న ప్లాస్టిక్ కవరు సర్దాను. సర్దినవన్నీ మళ్లీ బయటికి తీసి, మంచం మీద పరిచి, ఒక్కొక్కటీ తాకి చూసుకుని మళ్లీ లోపల పెట్టాను. బయట నాలుగు రోజులుగా వదలని వాన. తమ్ముడు కుర్చీలో కూర్చుని, కుర్చీ కమ్మీకి వీపు రుద్దుకుంటూ నన్నే చూస్తున్నాడు.

"ఈసారి ఏం దాచావక్కా?"

"ఏం దాచలేదు."

"అబద్ధమాడితే నీ చెయ్యి ముక్కు మీదికి పోతుంది. చూసుకో."

చూసుకున్నాను. నిజమే.

నాకొక అలవాటుంది. ఇంట్లోంచి ఎవరు బయలుదేరినా వాళ్ల సంచిలో ఉండాల్సిన వస్తువొకటి తీసి ఇంట్లోనే ఉంచేస్తాను. అది లేక ఇబ్బందిపడైనా వెనక్కి వస్తారని ఆశ. ఎవరూ నేర్పలేదు. మా ఆయన మళ్లీ రాకుండా వెళ్లిపోయిన రోజు ఒక్కటీ మరిచిపోకుండా సంచి నిండుగా సర్దింది నేనే. అలవాటు ఆ తర్వాత పట్టుకుంది. ఆ రోజు తమ్ముడి దువ్వెన తీసి తలగడ కింద పెట్టాను.

మేనకోడలు గుమ్మంలో నిలబడి గొడుగు దులుపుతోంది. తమ్ముడికి ఉన్నది ఆ ఒక్క కూతురే. సిటీ బస్సులో కండక్టరు. డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చింది.

"తొందరగా కానీ అత్తా. ఆటో వాడు మీటరు వేసుకుని కూర్చున్నాడు."

వాళ్ల నాన్నతో మాత్రం ఏమీ అనలేదు. మూడు వారాలుగా వాళ్లిద్దరి మధ్య మాటల్లేవు. తమ్ముడి కళ్లు పచ్చబడ్డాయని వీధి చివర క్లినిక్కుకి తీసుకెళ్లిన రోజు మొదలైంది ఇదంతా. ఆ డాక్టరు కనురెప్ప కిందికి లాగి చూసి, "ఎన్నేళ్ల నుంచి తాగుతున్నారు?" అన్నాడు. తాగనన్నాడు తమ్ముడు. "అందరూ అదే అంటారు," అని ఆయన నవ్వి, కాగితం మీద ఏదో రాశాడు. బల్లకి ఇటువైపు కూర్చుని నేను చదివాను. 'తాగుడు ఉంది. దాస్తున్నాడు.'

నాకు కాగితం తలకిందులుగా ఉన్నా ఫరవాలేదు. నేను బడి మొహం చూడలేదు. అచ్చు ప్రెస్సులో తెలుగువీ ఇంగ్లీషువీ ఫారాలు మడతపెడుతూ చదువు నేర్చుకున్నాను. ఒక్కో ఫారంలో పదహారు పేజీలుంటాయి, సగం నిటారుగా, సగం తలకిందులుగా. అక్షరం ఎటు తిరిగి ఉన్నా నాకు ఒకటే.

మేనకోడలు ఆ సాయంత్రం వాళ్ల నాన్న బీరువా వెతికింది. పరుపు ఎత్తి చూసింది. నీళ్ల ట్యాంకు వెనక చెయ్యి పెట్టి తడిమింది. ఏమీ దొరకలేదు. దొరికి ఉంటే తిట్టి ఊరుకునేదేమో. పద్నాలుగేళ్లుగా తాగి వాంతి చేసుకునేవాళ్లని బస్సులోంచి దింపుతున్న పిల్ల. ఇంట్లో కూడా ఒకడున్నాడని, పైగా తనకే దొరక్కుండా దాస్తున్నాడని నమ్మేసింది.

*

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు కాగితం మీద కొమ్మ బొమ్మ గీశాడు. పైన రెండు పాయలు, కింద ఒకటి.

"కాలేయంలో తయారైన పసరు ఈ గొట్టంలోంచి కిందికి దిగాలి. ఇదిగో, ఈ రెండూ కలిసే చోట గొట్టం సన్నబడింది. పసరు దిగే దారి లేక రక్తంలో కలుస్తోంది. పచ్చదనం అందుకే, దురద అందుకే."

"ఎందుకు సన్నబడింది?" అన్నాను.

"అదే తెలియాలి. రాయి అడ్డుపడితే కావచ్చు, స్కానులో రాయి లేదు. ఇదివరకు కడుపుకి ఆపరేషన్ ఏమైనా అయిందా?"

"చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డాను. తలకి కుట్లు," అన్నాడు తమ్ముడు.

"అది పనికిరాదు." ఆయన నవ్వలేదు. "క్యాన్సర్ కావచ్చు. టీబీ కావచ్చు. నులిపురుగులు కావచ్చు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరపాటున దాని మీద పడి వాచేలా చేసి ఉండవచ్చు. ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోవాలి."

తమ్ముడు నా వైపు వంగాడు. "నాలుగు రంగుల్లో మొదట అచ్చువేసేది పసుపే అక్కా. ఇంకా మూడు రంగులు బాకీ ఉన్నాయి. కంగారు పడకు."

ముప్పై ఒక్క ఏళ్లు అచ్చు మిషను నడిపినవాడి హాస్యం అలాగే ఉంటుంది. మేనకోడలు గోడకి ఆనుకుని బయటికి చూస్తూ ఉంది.

నోట్లోంచి గొట్టం దింపి, సన్నబడ్డ చోట చిన్న ప్లాస్టిక్ పైపు పెట్టారు. చిన్న బ్రష్షుతో అక్కడి పొర గీరి పరీక్షకి పంపారు. పైపు పెట్టిన మూడో రోజుకి దురద తగ్గింది. ఎనిమిదో రోజున ఫలితం వచ్చింది. క్యాన్సర్ కణాలు కనిపించలేదు, అలాగని లేవని చెప్పలేం అని రాశారు. మళ్లీ గీరారు. మళ్లీ అదే మాట. టీబీ కొట్టేశారు. పురుగులు కొట్టేశారు. ప్రతిసారీ పొద్దున్నే వెళ్లడం, ఇనుప కుర్చీల వరసలో కూర్చోవడం, పేరు పిలిచేదాకా గోడ మీది ఫ్యాను తల తిప్పడం చూడడం. ఆ ఫ్యాను మా వైపు వచ్చేసరికి ఆగిపోయి వెనక్కి తిరిగేది. మూడు వారాలు దాని గాలి మాకు తగల్లేదు.

పెద్ద డాక్టరు ఒక రోజు కొత్త మాత్రలు రాశాడు. "వాపు వల్ల అయితే వీటికి తగ్గుతుంది. రెండు వారాలు వాడి చూద్దాం. తగ్గిందా, మీ అదృష్టం."

ఆ రెండు వారాలు మా ఇంట్లో పండగే. తమ్ముడికి ఆకలి పుట్టింది. కంచం ముందు కూర్చుని ఇంకా పెట్టమనేవాడు. మొహం నిండింది. మెట్లు ఎక్కి డాబా మీదికి వెళ్లి, వాన ఆగిన సందులో బట్టలు ఆరేసి వచ్చాడు. నేను ఎదురింటావిడకి కూడా చెప్పాను, తగ్గిపోయిందని. చెప్పాక భయపడ్డాను, ఎందుకు చెప్పానా అని. పదిహేనో రోజు ఫోటో తీశారు. గొట్టం అలాగే ఉంది, వెంట్రుక వాసి మారలేదు. ఆకలి ఆ మాత్రల గుణమట.

పెద్ద డాక్టరు ఫైలు మీద రాస్తుంటే చదివాను. 'పసరు నాళం పైభాగాన సన్నబడి ఉంది. కారణం తెలియలేదు.' ఆ రెండు వాక్యాలూ అన్ని కాగితాల్లో ఉండేవి. నాకు కంఠతా వచ్చేశాయి.

*

మూడోసారి చేర్పించినప్పుడు తమ్ముడి కళ్లజోడు దాచాను. అందువల్లే అయింది తర్వాతదంతా.

వార్డులోకి కొత్తగా ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. కళ్ల కింద నలుపు, చెప్పులు అరిగిపోయి ఉన్నాయి. ఆమె మంచాల దగ్గరికి వచ్చి నాలుగు పేజీల ప్రశ్నల కాగితాలు పంచింది. ఆమే తయారు చేసుకుందట. తమ్ముడు సంచిలో చెయ్యి పెట్టి తడిమి, నా మొహం చూసి, సంచి మూసేశాడు.

"సరే, నువ్వే చదువు. చేసిన పాపం చెబితే పోతుంది."

చదివాను. ఏం తింటారు, నీళ్లెక్కడివి, ఏ మందులు వాడారు. నాలుగో పేజీ చివర, చేసిన పని ఏమిటి, ఎన్నేళ్లు, ఏ పదార్థాలతో అని ఉంది.

"ప్రెస్సు అని రాయి. చాలు," అన్నాడు.

రాశాను. గంట తర్వాత డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. మేనకోడలు అప్పుడే ఫ్లాస్కుతో లోపలికి వచ్చింది.

"ప్రెస్సంటే ఏం పని తాతగారూ? పుస్తకాలు అమ్మేవారా?"

తమ్ముడికి రోషం వచ్చింది. లేచి కూర్చున్నాడు. "అమ్మడమేంటమ్మా? అచ్చువేసేవాణ్ణి. రంగుల మిషను. ఆ గదిలో బొంగరం మేస్త్రి, నేనూ, ఇద్దరమే ఆ మిషను ముట్టుకోవాలి. ఇంకెవరికీ లొంగేది కాదు."

"రంగు మార్చేటప్పుడు ఏం చేసేవారు?"

"కడగాలి. రోలర్లూ, అచ్చుని కాగితం మీదికి దించే రబ్బరు బ్లాంకెట్టూ. పాత రంగు పిసరంత మిగిలినా అచ్చులో పెళ్లికూతురి మొహం ఆకుపచ్చగా వస్తుంది. ఆ కాగితం తిరిగొచ్చి మా మొహం మీద పడుతుంది."

"దేంతో కడిగేవారు?"

"మొదట్లో కిరోసిన్. అది ఆరి చావదు. తర్వాత తీపిమందు వచ్చింది."

"తీపిమందా?"

"మేం పెట్టుకున్న పేరులెండి. నీళ్లలాగే ఉంటుంది, వాసన తియ్యగా. గుడ్డ తడిపి ఇలా రుద్దితే క్షణంలో శుభ్రం, క్షణంలో ఆరిపోతుంది. ఎన్నికలప్పుడైతే రోజుకి నలభై, యాభై సార్లు కడిగేవాళ్లం."

"చేతికి గ్లౌజులు?"

"గ్లౌజులేసుకుంటే వేలికి సిరా తెలుస్తుందా?"

ఆమె గబగబా రాస్తోంది. "ఆ డబ్బా మీద పేరు ఏమైనా గుర్తుందా?"

"ఏదో రాసుండేది. ఎవరు చదివారు?"

నేను చదివాను. ఆ ప్రెస్సులో పనికిరాని కాగితం కూడా వదలకుండా చదివేది నేనొక్కదాన్నే. డబ్బా వెనక ఎర్ర అక్షరాల్లో, గాలి బాగా ఆడే చోట మాత్రమే వాడవలెను అని ఉండేది. నోరు తెరవలేదు.

"గదికి కిటికీలుండేవా?" అంది డాక్టరమ్మ.

"రెండు."

"తెరిచి ఉంచేవారా?"

తమ్ముడు దుప్పటి అంచు మడిచాడు. విప్పాడు. "మూసేవాళ్లం."

"ఎందుకు?"

"దుమ్మమ్మా. రోడ్డు పక్కన ప్రెస్సు. తడి అచ్చు మీద దుమ్ము పడితే చుక్కలొస్తాయి."

నా వైపు చూడలేదు. ఆమె కాగితం మీద ఏం రాసిందో నేను ఇటునుంచి చదివాను. 'రెండు కిటికీలు. మూసి. దుమ్ము వల్ల.'

దుమ్ము కాదు. ఆ గదిలో కిటికీ కింద మా మడత బల్ల ఉండేది. గాలి వీస్తే ఫారాలు లేచేవి. ఒక ఫారం తప్పిపోతే పుస్తకం మొత్తం వరస చెడుతుంది. చేరిన మొదటి నెలలోనే తమ్ముణ్ణి కేకేశాను. "ఒరేయ్, ఆ కిటికీలు మూయరా, కాగితాలు కోతుల్లా ఎగురుతున్నాయి." నవ్వుతూ వచ్చి మూశాడు. గొళ్లెం బిగుసుకుపోయి ఉంటే మేకుతో కొట్టి మరీ వేశాడు. మళ్లీ ఎవరూ తెరవలేదు. ఎర్ర అక్షరాలు చదివిన రోజు కూడా, తలుపుంది కదా, గాలి దాంట్లోంచి వస్తుందిలే అనుకున్నాను.

"అమ్మా, మీరూ అదే గదిలో పనిచేశారా?" డాక్టరమ్మ నన్నే అడుగుతోంది.

"రెండో చివర. పన్నెండేళ్లు."

"మీకూ రక్తపరీక్ష చేయిద్దాం. ఆ బొంగరం మేస్త్రి ఎలా ఉన్నారు ఇప్పుడు?"

"పోయాడమ్మా, పదకొండేళ్లయింది," అన్నాడు తమ్ముడు. "తాగి తాగి కామెర్లొచ్చి..."

అక్కడ ఆగాడు. డాక్టరమ్మ కలం ఆగింది. ఫ్లాస్కు మూత తిప్పుతున్న మేనకోడలి చెయ్యి కూడా ఆగింది.

"అత్తా," అంది మేనకోడలు. "వాళ్లిల్లు తెలుసా నీకు?"

*

తన బస్సులోనే తీసుకెళ్లింది మర్నాడు. సీటు చూపించి, మిషను నొక్కి టికెట్టు చింపి నా చేతిలో పెట్టింది.

"నాకు కూడానా?"

"చెకింగ్ ఎక్కితే మా అత్త అని చెప్పమంటావా?"

రెండు స్టాపులు దాటాక నా సీటు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడింది. జనం వైపు చూస్తూనే, నాకు మాత్రమే వినపడేలా, "నాన్న ఎప్పుడైనా తాగాడా అత్తా? నిజం చెప్పు," అంది.

"నా ఎరుకలో లేదు."

"నీ ఎరుక దాటి ఇంట్లో ఈగ వాలదు కదా." అని ముందుకి వెళ్లిపోయింది, "ఎక్కినవాళ్లు టికెట్, టికెట్" అని అరుచుకుంటూ.

బొంగరం మేస్త్రి భార్య ఇంటి వరండాలోనే గొడుగులు బాగుచేస్తోంది. చుట్టూ విరిగిన ఊచలు, నల్లగుడ్డ ముక్కలు. వానాకాలం కదా, చేతినిండా పని. నన్ను ఆనవాలు పట్టి కూడా సూది ఆపలేదు.

"వదినా," అన్నాను.

"వదినట. పదకొండేళ్లకి దారి కనబడిందా? గొడుగు విరిగిందా, వరస గుర్తొచ్చిందా?"

విషయం చెప్పాను. తమ్ముడి పచ్చదనం, సన్నబడ్డ గొట్టం, డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు. ఆమె దారం పళ్లతో కొరికింది.

"ఆయన పోయిన రోజు ప్రెస్సు వాళ్లంతా ఆ గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగారు. తాగుబోతు చావుకి లోపలిదాకా ఎందుకులే అనుకున్నారు. అవునా?"

"అవును. నేనూ అన్నాను ఆ మాట."

"చుక్క ముట్టలేదమ్మా ఆయన." గొంతు పెంచలేదు. అలిసిపోయిన గొంతు. ఎన్నోసార్లు చెప్పి, ఎవరూ వినక, చెప్పడం మానేసిన మాట అది. "పని నుంచి వచ్చేసరికి కళ్లు తిరిగేవి. గోడ పట్టుకుని నడిచేవాడు. చూసేవాళ్లకి తూలడం తూలడమే కదా. బొంగరమని పేరు పెట్టి నవ్వారు మీరంతా. నా కొడుకు కూడా నమ్మాడు. తండ్రి ఫోటో పెట్టనివ్వడు ఇంట్లో, తెలుసా?"

ఆమె లోపలికి వెళ్లి చాలాసేపటికి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. కాగితాలు అంచుల్లో పచ్చబడ్డాయి. మూడో కాగితంలో దొరికింది. 'పసరు నాళం పైభాగాన సన్నబడి ఉంది. కారణం తెలియలేదు.' అవే మాటలు. కింద ఇంకో చేతిరాతతో, బహుశా తాగుడు, అని ఉంది.

వేలు పెట్టి ఆమెకి చదివి వినిపించాను, ఆ చివరి మాట తప్ప.

"కింద ఇంకా ఏదో ఉందిగా," అంది. "నాకు చదువు రాదు గానీ గీత తెలుస్తుంది."

చదివాను.

ఆమె కవరు మూతి ముడివేసి నా చేతికిచ్చింది. "తీసుకెళ్లు. డాక్టరు ఏమన్నా సరే, ముందు నాకు చెప్పాలి. ఆ తర్వాతే మీ ఊరందరికీ."

*

ఆ కాగితాలు చూశాక డాక్టరమ్మ పెద్ద డాక్టరుతో వాదించిందట. నర్సు చెప్పింది. మూడోసారి బ్రష్షు చాలదని, గొట్టంలోకి వెళ్లే సన్నటి కెమెరా ఉన్న చోటి నుంచి ఒకాయన్ని పిలిపించారు. కంటితో చూస్తూ, సరిగ్గా అక్కడి ముక్కే తీశారు.

ఈసారి దొరికింది. క్యాన్సర్.

డాక్టరమ్మ మమ్మల్ని ముగ్గుర్నీ ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి చెప్పింది. ముదరలేదని, పెద్ద ఊళ్లో ఆపరేషన్ చేస్తారని, కాలేయంలో ఒక భాగం కూడా తీయాల్సి ఉంటుందని. కష్టమైన ఆపరేషన్ అని రెండుసార్లు అంది.

"అయితే ఆ తీపిమందేనా?" అన్నాడు తమ్ముడు.

"నిరూపించలేను తాతగారూ. కానీ ఒకే గది, ఒకే మందు, ఇద్దరు మనుషులు, ఒకే చోట జబ్బు. ఇలాంటి మందులతో ఇలాంటి జబ్బు రావచ్చని చదివాను. అందుకే పని అడిగాను. కారణం తెలియలేదన్న చోట ఇది రాస్తున్నాను. ఎవరైనా చదువుతారు."

"తాగుడు అని రాయరు కదా?"

అడిగింది మేనకోడలు.

"రాయను," అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం వార్డులోకి వెళ్లేసరికి మేనకోడలు వాళ్ల నాన్న మంచం మీద కూర్చుని ఆయన గోళ్లు తీస్తోంది. మళ్లీ మొదలైన దురదకి గీరుకుని గీరుకుని చేతుల నిండా గాట్లు. ఒక్కో వేలూ పట్టుకుని, నెమ్మదిగా. బొటనవేలు అయ్యాక, "కాళ్లవి కూడా తియ్యి మరి, టికెట్టు కొన్నాను కదా," అన్నాడు. "కాళ్లు ముందుకి జరపండి," అంది. నేను గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను.

వరండాలో డాక్టరమ్మ కనిపించింది. ఇంటికి వెళ్తున్నట్టుంది, భుజాన సంచి ఉంది. ఆపాను.

"దుమ్ము కాదమ్మా," అన్నాను.

"ఏంటమ్మా?"

"కిటికీలు. దుమ్ముకని వాడు అబద్ధం చెప్పాడు. నేను మూయమన్నాను. కాగితాలు ఎగురుతున్నాయని. డబ్బా మీద రాసింది చదివి కూడా చెప్పలేదు. మార్చి రాయండి."

ఆమె నన్ను చూసింది. కోపంగా చూస్తుందనుకున్నాను. జాలిగా చూస్తుందని కూడా అనుకున్నాను. నిద్ర లేని మనిషి చూసినట్టు చూసింది.

"అమ్మా, కిటికీలు మూసి ఉన్నాయన్నది నాకు కావాలి. అది రాశాను. ఎవరు మూశారన్నదానికి నా కాగితంలో గడి లేదు." ఒక అడుగు వేసి ఆగింది. "మీ రక్తపరీక్ష వచ్చింది. అంతా బాగుంది."

నాది బాగుందన్న కాగితం మడిచి దాచుకున్నాను. తమ్ముడికి చూపించడానికి సిగ్గేసింది.

కిటికీల సంగతి నేను చెప్పానని వాడికి ఎలాగో తెలిసిపోయింది. మర్నాడు మేనకోడలు డ్యూటీకి వెళ్లాక, గ్లాసు నీళ్లు అడిగి, తాగి, గ్లాసు నా చేతికిస్తూ అన్నాడు.

"డాక్టరమ్మకి చెప్పావట."

"చెప్పాను."

"ఏమంది?"

"గడి లేదంది."

నవ్వబోయి పక్క పట్టుకున్నాడు. నొప్పి. "నీకు అన్నింట్లో నీ పేరుండాలక్కా. పుస్తకం మీద అచ్చువేసినవాళ్ల పేరు వేస్తారు గానీ మడతపెట్టినవాళ్ల పేరు ఎక్కడైనా వేశారా?"

"వేళాకోళం కాదురా."

"నేనూ కాదు. నువ్వు మానేశాక ఎన్నేళ్లున్నాను అక్కడ? ఆరు. మీ మడత బల్ల కూడా తీసేశారు. తెరవడానికి నాకు చేతుల్లేవా?"

"మరెందుకు తెరవలేదు?"

"తెరవాలని తోచలేదు," అన్నాడు. "మూసి ఉండేవి కదా."

*

ఆస్పత్రి వ్యాను పొద్దున్నే వచ్చింది. తోడు ఒక్కరే ఎక్కాలన్నారు. మేనకోడలు నెల సెలవు పెట్టింది. యూనిఫాం లేకుండా ఆ పిల్లని చూసి ఎన్నాళ్లయిందో. చిన్నప్పటి మొహమే.

వ్యాను తలుపు దగ్గర డ్రైవరు, "అమ్మా, మీరు కిందికి దిగాలి," అన్నాడు. నేను తమ్ముడి దుప్పటి సరిచేస్తున్నాను. సరిగ్గా ఉన్నదాన్నే లాగి మళ్లీ సరిచేస్తున్నాను.

"దిగవే అక్కా. పాపం ఆయన టైముకి వెళ్లాలి."

"చేరగానే ఫోన్ చేయించు."

"నేను ఆపరేషన్ బల్ల మీద ఉంటాను, నువ్వు ఫోన్ అంటావు."

"నేను చేస్తాలే అత్తా," అంది మేనకోడలు.

"మేస్త్రి పెళ్లానికి చెప్పావా?" అన్నాడు.

"నిన్ననే వెళ్లాను. డాక్టరమ్మ రాసిన కాగితం నకలు ఇచ్చాను. కొడుకుని పిలిచి అతని చేతే చదివించింది."

"చదివాడా?"

"చదివాడు. రెండుసార్లు."

తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. ఆ మాట వాడికి నచ్చిందని మొహం చూస్తే తెలిసింది. నేను దిగాను. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి, "మెట్లు తడిగా ఉన్నాయి, చూసుకుని నడువు," అన్నాడు.

ఆపరేషన్ తొమ్మిది గంటలు పట్టింది. గొట్టం తీసేశారు, కాలేయంలో ఎడమవైపు భాగం తీసేశారు. రెండో రోజు మాట్లాడాడు. నాలుగో రోజు లేచి కూర్చున్నాడు. ఆరో రోజు జ్వరం వచ్చింది, లోపల చీము పట్టిందన్నారు. మేనకోడలు పూటపూటా ఫోన్ చేసి, జ్వరం అంకె చెప్పి పెట్టేసేది.

తమ్ముడు తిరిగి రాలేదు. సెప్టెంబరు ఇరవై రెండు, ఆదివారం, ఉదయం తొమ్మిదింపావుకి పోయాడు.